బీరు కిట్‌లో అసలు సరుకు ఎంత

ఇంట్లో బీరు తయారుచేసుకునే కిట్‌లో ప్రాణం లాంటివి రెండే: మాల్ట్ పాకం, ఈస్ట్. మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్టు, లోపలి వాయువును బయటికి వదిలి బయటి గాలిని లోపలికి రానివ్వని ఎయిర్‌లాక్, సీసాలు నింపే గొట్టం ఒకసారి కొంటే ఏళ్ల తరబడి పనికొస్తాయి. పెట్టె మీది బొమ్మ చూసి, బకెట్టు మెరుపు చూసి కిట్ నాణ్యత తేల్చుకునేవారు పొరపడేది అక్కడే.

బార్లీ గింజలను నానబెట్టి, మొలకెత్తించి, ఆరబెడితే మాల్ట్ అవుతుంది. రాగి మాల్ట్ తాగే తెలుగువారికి ఈ పని కొత్తేమీ కాదు. మొలకెత్తే గింజలో పిండిని చక్కెరగా మార్చే ఎంజైములు తయారవుతాయి. బార్లీ మాల్ట్‌ను నలగ్గొట్టి వేడినీళ్లలో ఊరబెడితే ఆ ఎంజైముల వల్ల నీరు తియ్యబడుతుంది. ఆ తీపి నీటిని వడగట్టి, బెల్లం పాకంలా చిక్కబడేదాకా నీటిని ఆవిరి చేసి డబ్బాలకెత్తుతారు. చేదు కోసం హాప్స్ పూల సారాన్ని ముందే కలిపేస్తారు. కొన్నవారు దాన్ని వేడినీళ్లలో కరిగించి, చల్లనీళ్లు పోసి, ఈస్ట్ చల్లి మూత పెడితే చాలు. ఒకటి రెండు వారాల్లో పులుస్తుంది.

కిట్ల మధ్య తేడాలకు చరిత్రలోనే ఒక మూలం ఉంది. బ్రిటన్‌లో 1880లో ప్రధాని గ్లాడ్‌స్టన్ తెచ్చిన చట్టం ఇంటి బీరుకు లైసెన్సు తప్పనిసరి చేసింది. 1963లో ఆర్థికమంత్రి రెజినాల్డ్ మాడ్లింగ్ ఆ నిబంధన ఎత్తేశాక డబ్బా కిట్లు ఊపందుకున్నాయి. చివరికి బూట్స్ మందుల దుకాణాల్లోనూ అమ్మారు. అప్పటి కొనుగోలుదారుల్లో చాలామందికి కావలసింది చవక. ఒక డబ్బా పాకం, ఒక కిలో పంచదార అనే సూత్రం ఆ అవసరానికి సరిపోయింది. ఇంటి బీరంటే పల్చగా, పుల్లగా ఉంటుందన్న చెడ్డపేరు అప్పుడు అంటుకున్నదే. అమెరికాలో మద్యనిషేధం ఎత్తేశాక కూడా ఇంటి బీరుకు కేంద్ర చట్టంలో చోటు దొరకలేదు. 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో ఆ అడ్డు తొలగింది. ఇద్దరు పెద్దలున్న ఇంటికి ఏడాదికి 200 గాలన్ల పరిమితి. అక్కడివాళ్లకు చవక బీరు దుకాణంలోనే దొరికేది, దొరకనిది రకరకాల రుచి. అందుకే అమెరికా పెట్టెల్లో గింజలు, హాప్స్ విడివిడి పొట్లాలుగా రావడం మామూలైంది. మన తెలుగు రాష్ట్రాల్లో మాత్రం లైసెన్సు లేకుండా బీరు తయారుచేయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. ఈ కిట్లతో మనవాళ్లకు పరిచయం కలిగేది అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో స్థిరపడ్డాకే.

నాణ్యతను నిర్ణయించే మొదటి అంశం తీపి ఎక్కడి నుంచి వస్తున్నదన్నది. 1862లో అడిలైడ్‌లో మొదలైన కూపర్స్ కంపెనీ డబ్బా ఇందుకు మంచి ఉదాహరణ. 1.7 కిలోల పాకానికి కిలో చక్కెర చేర్చి 23 లీటర్లు చేసుకోవాలి. నీటి సాంద్రతను 1000గా తీసుకుంటే, 23 లీటర్ల నీటిలో కిలో మాల్ట్ పాకం దాన్ని సుమారు 13 పాయింట్లు పెంచుతుంది. కిలో పంచదార సుమారు 17 పెంచుతుంది. డబ్బా పాకం నుంచి 22, పంచదార నుంచి 17 కలిపితే 1039. ఇంగ్లండ్‌లోని మంటన్స్ కంపెనీ గోల్డ్ కిట్‌లో రెండు డబ్బాలు కలిపి 3 కిలోల పాకం ఉంటుంది, పంచదార అక్కర్లేదు. దానికి లెక్క వేసినా వచ్చేది అదే 1039. రెండింటి మత్తు దాదాపు ఒకటే, నాలుగు శాతం పైచిలుకు. కానీ మొదటి దాంట్లో తీపిలో ఐదింట రెండు వంతులకు పైగా వట్టి చక్కెరది. ఈస్ట్ పంచదారను పూర్తిగా తినేసి ఏమీ మిగల్చదు. మాల్ట్‌లో మాత్రం ఈస్ట్ తినలేని పదార్థం నాలుగో వంతు దాకా మిగిలి బీరుకు చిక్కదనాన్ని, నురుగు నిలిచే గుణాన్ని ఇస్తుంది. ఒక డబ్బా కిట్‌కూ రెండు డబ్బాల కిట్‌కూ ధరలో ఉన్న తేడా ముఖ్యంగా ఈ మాల్ట్‌దే, అది ఇవ్వదగ్గ ధరే.

అలాగని పంచదారను పాపంలా చూడనక్కర్లేదు. బెల్జియం మఠాల్లో సన్యాసులు కాచే పేరున్న బీర్లలోనూ చక్కెర పడుతుంది, తగు పాళ్లలో. పంచదార బదులు ద్రాక్ష చక్కెర వాడితే నాణ్యత పెరుగుతుందని కొన్ని కిట్లు ఎక్కువ ధర పలుకుతాయి. ఈస్ట్ మామూలు పంచదారను ముందు రెండుగా విడగొట్టుకుని తినేస్తుంది కాబట్టి నాలుకకు తెలిసే తేడా చాలా స్వల్పం. మాల్ట్ పొడి కలిసిన పొట్లానికి ఎక్కువ ఇవ్వడంలో మాత్రం అర్థం ఉంది.

రెండో అంశం తాజాదనం. మాల్ట్ పాకంలో ఐదో వంతు వరకు నీరే. అందువల్ల డబ్బాలో ఉన్నా దానిలో మార్పు ఆగదు. చక్కెరలు, అమైనో ఆమ్లాలు కలవడంతో నెమ్మదిగా రంగు ముదురుతుంది, మాడిన పాకంలాంటి ఒక రుచి చేరుతుంది. కిట్ బీరు తాగగానే పోల్చుకోగలిగే ఆ డబ్బా వాసనకు ముదిరిన పాకం ఒక ముఖ్య కారణం. లేత రంగు లాగర్‌లో ఇది వెంటనే బయటపడుతుంది. నల్లటి స్టౌట్‌లో వేయించిన గింజల ఘాటు దాన్ని కప్పేస్తుంది. డబ్బా మీది తేదీ చూడకుండా కొనేవారికి స్టౌట్ క్షేమం. పొడిగా చేసిన మాల్ట్‌లో తేమ తక్కువ కనుక ఎక్కువకాలం నిలుస్తుంది.

మూడోది ఈస్ట్. చవక కిట్ల పిసినారితనం ఎక్కువగా కనబడేది ఇక్కడే. డబ్బా మూత కింద ఇరికించే పొట్లంలో సాధారణంగా 5 నుంచి 7 గ్రాములే ఉంటుంది. విడిగా దొరికే మంచి ఈస్ట్ పొట్లం 11 గ్రాముల వరకు తూగుతుంది. పైగా ఆ చిన్న పొట్లం డబ్బాతోపాటు గిడ్డంగి వేడినంతా భరించి వస్తుంది, దాంతో ఈస్ట్ కణాలు కొన్ని అప్పటికే చచ్చిపోయి ఉంటాయి. ఉన్న కొద్ది కణాలూ అలసిపోతే పులియడం మధ్యలో ఆగిపోతుంది, లేదా పచ్చి యాపిల్ వాసన మిగిలిపోతుంది. లాగర్ అని రాసిన చాలా డబ్బాల్లో ఉండేది గది వేడిలో పనిచేసే ఏల్ ఈస్టే. అసలైన లాగర్ ఈస్ట్‌కు 10 నుంచి 15 డిగ్రీల చలి కావాలి, మామూలు గదిలో అది కుదరదు. మంచి కిట్ అయితే ఈస్ట్ రకం పేరు, వాడాల్సిన ఉష్ణోగ్రత పొట్లం మీదే రాసి ఉంటాయి. చవక డబ్బా కొన్నా ఈస్ట్ మాత్రం మార్చి వేస్తే అతి తక్కువ ఖర్చుతో ఎక్కువ మెరుగు కనబడుతుంది.

హాప్స్ విషయం చిన్నదే. వాటి చేదు మరగబెడితే దిగుతుంది, సువాసన మరగబెడితే ఎగిరిపోతుంది. అందుకే ముందే హాప్స్ కలిపిన పాకంలో చేదు ఉంటుంది, పరిమళం అంతంతమాత్రం. పులియడం చివర్లో వేయడానికి గాలి చొరబడని వెండిరంగు సంచిలో వేరే పొట్లం పెట్టిన కిట్ మేలు. అందులోని గుళికలు పచ్చగా ఉండాలి; గోధుమరంగుకు తిరిగి పాత జున్ను వాసన కొడితే పారేయడమే.

డబ్బా మెట్టు దాటితే రెండు దారులు. మొదటిది అమెరికాలో ప్రచారంలో ఉన్న 5 గాలన్ల, అంటే 19 లీటర్ల పెట్టె. అందులో హాప్స్ కలపని లేత పాకం, రంగుకూ రుచికీ కొన్ని గింజలు, విడిగా హాప్స్ ఉంటాయి. గింజలను గుడ్డ సంచిలో కట్టి, టీ పొట్లంలా అరగంట వేడినీళ్లలో ఉంచి, ఆ నీటిలో పాకం కలిపి, హాప్స్ వేసి గంటసేపు మరిగించాలి. ఒక సాయంత్రం పడుతుంది. పెట్టే శ్రమకు, దక్కే రుచికి ఇంతకంటే మంచి బేరం మరొకటి లేదు. రెండోది పూర్తిగా గింజల కిట్. పాకం ఉండదు, మాల్ట్‌ను 65 నుంచి 68 డిగ్రీల మధ్య గంటసేపు ఊరబెట్టి తీపి నీటిని ఇంట్లోనే తీయాలి. కంపెనీ బీరుతో పోటీపడగలిగేది ఇదే, పూర్తిగా చెడిపోయే అవకాశం ఎక్కువున్నదీ ఇదే. గింజ ముందే నలగ్గొట్టి ఉంటే తాజాదనం మళ్లీ చూసుకోవాలి. బహుమతుల కోసం అమ్మే ఒక గాలన్ చిన్న పెట్టెలూ ఈ కోవలో ఉన్నాయి. వాటి సరుకు మంచిదే అయినా దినమంతా పొయ్యి దగ్గర నిలబడితే దక్కేది పది సీసాలు.

ఎంత మంచి కిట్ అయినా పొరపాటుకు అతీతం కాదు. దోసెల పిండి ఎండాకాలంలో రాత్రికి రాత్రే పొంగి పులిసిపోతుంది, చలికాలంలో తెల్లారినా కదలదు, ఈస్ట్‌కూ అంతే. ఏల్ ఈస్ట్‌కు 18 నుంచి 20 డిగ్రీలు హాయి. పులిసేటప్పుడు దానంతటదే వేడెక్కుతుంది కాబట్టి గది అంతకంటే కాస్త చల్లగా ఉండాలి. శుభ్రత విషయంలో ఆవకాయ జాడీకి చూపే జాగ్రత్త ఇక్కడా చూపాలి. కొన్ని కిట్లతో వచ్చే పొడి మురికిని కడుగుతుంది గానీ సూక్ష్మజీవులను చంపదు. ఆ రెంటికీ వేర్వేరు మందులు పెట్టిన కిట్ నాణ్యమైనది. క్లోరిన్ ఉన్న కుళాయి నీటితో చేస్తే బీరుకు ఆసుపత్రి వాసన వస్తుంది.

చివరి పరీక్ష సీసాల దగ్గర. ఆరో రోజో ఏడో రోజో సీసాల్లో నింపేయమని రాసిన కాగితాన్ని నమ్మకూడదు. సాంద్రతను కొలిచే హైడ్రోమీటర్ రెండు మూడు రోజుల పాటు ఒకే అంకె చూపితేనే పులియడం పూర్తయినట్టు. ఆ గాజు కడ్డీ లేని కిట్ ఎంత ఖరీదైనదైనా అసంపూర్ణమే. నురుగు కోసం లీటరుకు 5 నుంచి 8 గ్రాముల చక్కెర చాలు. కొలిచిన బిళ్లలు ఇచ్చే కిట్లతో చెయ్యి జారే భయం తగ్గుతుంది. పులియడం మిగిలి ఉండగా మూత బిగించినా, చక్కెర ఎక్కువ పడినా ఒత్తిడికి సీసాలు పేలతాయి. గోధుమరంగు సీసాలే వాడాలి, ఎందుకంటే తెల్లసీసాలో వెలుతురు సోకితే హాప్స్ చేదు దుర్వాసనగా మారుతుంది. మూత బిగించాక రెండు వారాలు గది వేడిలో ఉంచితే వాయువు పుడుతుంది. ఆ తర్వాత చల్లబరిచి, అడుగున పేరుకున్న ఈస్ట్ కదలకుండా గ్లాసులోకి వంపుకోవాలి.