అంకెలన్నీ సంఖ్యలు కావు: స్ట్రింగులపై అపోహలు, వాస్తవాలు

జావా నేర్చుకునే కుర్రాళ్ల చేతికి పాఠ్యపుస్తకం కన్నా ముందు ఇంటర్వ్యూ ప్రశ్నల కట్ట వస్తుంది. అమీర్‌పేట జిరాక్స్ షాపుల్లో దొరికే ఆ నోట్సులో ప్రతి ప్రశ్నకీ ఒకటిన్నర లైన్ల జవాబు ఉంటుంది. స్ట్రింగుల గురించీ డేటా టైపుల గురించీ తిరిగే అపోహల్లో చాలా భాగం ఆ ఒకటిన్నర లైన్లలో పుట్టినవే. అవి పూర్తి అబద్ధాలు కావు, సగం నిజాలు. అందుకే అంత సులభంగా వదలవు.

అపోహ: ఇంట్, క్యార్ లాగే స్ట్రింగ్ కూడా ఒక ప్రిమిటివ్ టైపు

జావాలో ప్రిమిటివ్ టైపులు 8: బైట్, షార్ట్, ఇంట్, లాంగ్, ఫ్లోట్, డబుల్, క్యార్, బూలియన్. ఈ పట్టికలో స్ట్రింగ్ లేదు. అది ఒక క్లాసు. మరి ఈ భ్రమ ఎందుకంటే, భాషే దాన్ని కాస్త ముద్దు చేసింది. మిగతా క్లాసులకు మామూలుగా 'న్యూ' అని రాసి ఆబ్జెక్టు తయారుచేస్తాం, స్ట్రింగుకు రెండు కోట్ గుర్తుల మధ్య రాస్తే చాలు. + గుర్తు పెట్టి కలపడం కూడా దానికే ఇచ్చిన సౌకర్యం.

అపోహ: రెండు స్ట్రింగులు ఒకటేనా అని == తో చూసుకోవచ్చు, నా ప్రోగ్రాంలో పనిచేసింది కదా

పనిచేస్తుంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది.

ఊరు1 = "హైదరాబాద్", ఊరు2 = "హైదరాబాద్" అని రాసి == తో పోల్చి చూడండి, 'ట్రూ' వస్తుంది. (వేరియబుల్‌కి ఇలా తెలుగు లిపిలోనే పేరు పెట్టినా జావా కంపైలర్ కాదనదు.) ఇప్పుడు రెండో ఊరిని కోడులో రాయకుండా స్కానర్‌తో కీబోర్డు నుంచి తీసుకోండి. అవే అక్షరాలు, అదే పేరు. జవాబు మాత్రం 'ఫాల్స్'.

== అడిగే ప్రశ్న "ఈ రెండిట్లో రాసింది ఒకటేనా?" అని కాదు, "ఈ రెండూ ఒకే ఆబ్జెక్టును చూపిస్తున్నాయా?" అని. కవల పిల్లల్ని చూసి ఇద్దరూ ఒకరేనా అని అడిగితే ఎంత పోలిక ఉన్నా జవాబు 'కాదు' అనే కదా! కోడులో కోట్ల మధ్య రాసిన స్ట్రింగులను జావా ఒక పూల్‌లో ఉంచుతుంది. అదే పదం మళ్లీ కనిపిస్తే కొత్తది చేయకుండా పాతదాన్నే ఇస్తుంది. అందుకే మొదటిసారి 'ట్రూ' వచ్చింది. కీబోర్డు నుంచో ఫైలు నుంచో వచ్చింది వేరే ఆబ్జెక్టు. క్లాసులో నడిచిన ప్రోగ్రాం నిజమైన యూజరు చేతికి వెళ్లగానే లాగిన్ కానివ్వకపోవడం వెనక తరచూ ఉండే కథ ఇదే. పోల్చాల్సింది ఈక్వల్స్ మెథడ్‌తో.

ఇంటిజర్ ఆబ్జెక్టులతో కూడా ఇదే మోసం జరుగుతుంది. రెండిట్లోనూ 127 పెట్టి == తో చూస్తే 'ట్రూ', 128 పెడితే మామూలుగా 'ఫాల్స్'. −128 నుంచి 127 దాకా ఉన్న విలువలకు జావా ముందే ఆబ్జెక్టులు చేసి ఉంచుకుని వాటినే పంచుతుంది. చిన్న సంఖ్యలతో టెస్ట్ చేసి "ఓకే" అనుకున్నవాళ్లు దొరికిపోయేది ఇక్కడే.

ఈ పాఠాన్ని పట్టుకుని సీ షార్ప్‌లోకి వెళ్లి "== వాడకూడదు" అనడం ఇంకో అపోహ. అక్కడ స్ట్రింగులకు == పోల్చేది లోపలి అక్షరాలనే.

అపోహ: స్ట్రింగ్ మారదు, కాబట్టి వేరియబుల్ కూడా మారదు

మారనిది ఆబ్జెక్టు. వేరియబుల్‌ని ఎన్నిసార్లయినా కొత్త స్ట్రింగువైపు తిప్పుకోవచ్చు. పేరు.ట్రిమ్() అని ఒక లైను రాసేసి చివరి ఖాళీలు పోయాయనుకునేవాళ్లు చాలామంది. ఆ మెథడ్ కొత్త స్ట్రింగును తిరిగిస్తుంది, దాన్ని పట్టుకోకపోతే పాత పేరు పాత ఖాళీలతోనే ఉంటుంది.

ఆబ్జెక్టు మారదు కాబట్టి లూప్‌లో + తో కలపడం ఖరీదైన పని అన్నది మాత్రం నిజం. 10 అక్షరాల ముక్కలు 10 వేలు ఒక్కొక్కటిగా కలిపితే చివరికి మిగిలేది లక్ష అక్షరాలు. దారిలో కాపీ అయ్యేవి దాదాపు 50 కోట్లు. అక్కడ స్ట్రింగ్‌బిల్డర్ వాడాలి. అలాగని ఒకే లైనులో మూడు ముక్కలు కలపడానికి కూడా దాన్ని లాక్కురావడం చాదస్తం, ఆ పని కంపైలర్ చూసుకుంటుంది. ఇక "ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ భాషలన్నిటిలోనూ స్ట్రింగ్ మారదు" అన్న మాట కూడా చెల్లదు. సీ ప్లస్ ప్లస్‌లో మారుతుంది. రూబీలో కూడా ఫ్రీజ్ చేయకపోతే మారుతుంది.

అపోహ: అన్నీ అంకెలే ఉంటే అది ఇంట్

హైదరాబాద్ ఎస్టీడీ కోడ్ 040. దాన్ని జావాలో ఇంట్‌గా 040 అని రాసి ప్రింట్ చేస్తే తెరమీద 32 కనిపిస్తుంది. ముందు సున్నా ఉన్న సంఖ్యను జావా ఎనిమిది మూలంగా చదువుతుంది, నాలుగు ఎనిమిదులు 32. విజయవాడ కోడ్ 0866 అయితే అసలు కంపైలే కాదు, ఎందుకంటే ఆ పద్ధతిలో 8 అనే అంకే లేదు. అదే 040ని ఎక్సెల్‌ గడిలో మామూలుగా కొడితే 40 మిగులుతుంది.

మొబైల్ నంబరుది మరో బాధ. ఇంట్‌లో పట్టే గరిష్ఠ విలువ 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. మన మొబైల్ నంబర్లు 6, 7, 8, 9లతో మొదలయ్యే 10 అంకెలవి, కాబట్టి ఒక్కటి కూడా అందులో పట్టదు. "అయితే లాంగ్ పెడదాం" అంటారు. పడుతుంది, కానీ ఎందుకు? రెండు ఫోన్ నంబర్లను ఎవరైనా కూడతారా? పిన్‌కోడ్‌కి సగటు తీస్తారా? ఆధార్‌ని రెండుతో గుణిస్తారా? లెక్క చేసేదే సంఖ్య. తక్కినవి అంకెలతో రాసిన పేర్లు, వాటి చోటు స్ట్రింగులోనే.

డబ్బు లెక్క చేసేదే, కానీ దానికి డబుల్ పనికిరాదు. 0.1కి 0.2 కలిపితే డబుల్ ఇచ్చే జవాబు 0.30000000000000004. పైసల లెక్కకు బిగ్‌డెసిమల్ ఉంది.

అపోహ: పైథాన్‌లో టైపులు లేవు

ఉన్నాయి, రాయనక్కర్లేదంతే. కోట్ గుర్తుల మధ్య ఉన్న "5"కి మామూలు 5 కలపమంటే పైథాన్ టైప్‌ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. కిమ్మనకుండా "55" చేసి ఇచ్చేది జావాస్క్రిప్ట్.

అపోహ: లెంగ్త్ అంటే అక్షరాల సంఖ్య

ఇంగ్లిష్ పదాలతోనే టెస్ట్ చేస్తే ఈ అపోహ జీవితాంతం బయటపడదు. "తెలుగు" అనే పదానికి జావా చెప్పే లెంగ్త్ 6. మనకు కనిపించేవి మూడక్షరాలు. యూనికోడ్‌లో త, ఎత్వం, ల, కొమ్ము, గ, కొమ్ము విడివిడిగా ఉంటాయి, జావా లెక్కపెట్టేది వాటినే. అదే పదం యూటీఎఫ్-8లో 18 బైట్లు.

ఇంటర్వ్యూల్లో తప్పకుండా అడిగే పాలిండ్రోమ్ ప్రోగ్రాం తీసుకోండి. దానికి "వికటకవి" ఇవ్వండి. ఎటునుంచి చదివినా ఒకటే అని మన పిల్లలందరికీ తెలిసిన పదం. ప్రోగ్రాం మాత్రం "కాదు" అంటుంది. దాని దృష్టిలో ఆ పదం మొదట 'వ' ఉంది, చివర ఉత్త గుడి ఉంది. తిప్పి రాస్తే ముందు అనాథ గుడి, తర్వాత 'వకటకివ'. అదే పదాన్ని స్విఫ్ట్ భాషలో తిప్పి చూస్తే సరిగ్గా వస్తుంది. అక్కడ స్ట్రింగును కనిపించే అక్షరాలుగా విడదీస్తారు, "తెలుగు" కౌంట్ 3 అని వస్తుంది. జావాలో ఆ పనికి బ్రేక్‌ఇటరేటర్ అనే క్లాసు ఉంది, ఇంటర్వ్యూ నోట్సులో మాత్రం దాని ఊసు అరుదు.

ఇది సరదా లెక్క కాదు. "శ్రీలక్ష్మీప్రసన్న" ఆరక్షరాల పేరు, జావాకు దాని లెంగ్త్ 18. పేరు గడికి 10 పరిమితి పెట్టి అక్కడ తెంపితే మిగిలేది "శ్రీలక్ష్మ". ఫారాలు, రసీదులు, హాల్‌టికెట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ రాస్తున్నవాళ్లు దయచేసి విడుదలకు ముందు ఇలాంటి పేరొకటి తెలుగులో కొట్టి చూడండి.