పాళెగాండ్ర మందుగుండు: తిరునెల్వేలి సీమ తెలుగు కోటలలో ఇంటి నిల్వలు

దక్షిణ తమిళదేశమున తిరునెల్వేలి సీమకు తూర్పుననున్న నల్లరేగడి నేలలలో తెలుగు మాటలాడు కుటుంబములు అనేక శతాబ్దములుగా కాపురమున్నవి. పదునారవ శతాబ్దమున మధుర నాయకరాజ్యమును విశ్వనాథ నాయకుడును, ఆయన దళవాయి అరియనాథ మొదలియారును పాళెములుగా ఏర్పరచిరి. వానిలో పడమటి కొండల చేరువనున్నవి పెక్కు మరవ నాయకులకును, తూర్పు మైదానములోనివి పెక్కు తెలుగు కంబళ నాయకులకును చెందినవి. ఎట్టయపురము, పాంచాలంకురిచ్చి, నాగలాపురము ఈ రెండవ తెగలోనివి. కప్పము చెల్లించుట, పిలిచినప్పుడు సేనతో వచ్చుట, తన హద్దులలో కావలి కాయుట అనునవి పాళెగాని విధులు. కడపటి రెండు విధులకును ఆయుధము కావలెను. తుపాకి వాడుకలోనికి వచ్చిన పిమ్మట ఆయుధమునకు మందును గుండును కావలెను. ఈ మందుగుండు పాళెములకు ఎట్లు సమకూరెను, ఎట్లు నిల్వచేయవలసి వచ్చెను, తుదకు ఎట్లు చేజారెను అను విషయము ఇచట వివరింపబడుచున్నది.

మందు నింపుట

నేటి తోటాలో మందు, గుండు, నిప్పు పుట్టించు టోపీ అన్నియు ఒకే గొట్టమున ఇమిడియుండును. పాళెపు బంటు చేతిలోని వత్తి తుపాకికి ఈ సౌకర్యము లేదు. ప్రతి వేటునకును అతడు మందును కొలిచి గొట్టమున పోసి, పైన గుండు వేసి, గజముతో దట్టించి, చెవి చెంతనున్న చిన్న పళ్లెరమున రంజకము చల్లి, రగులుచున్న వత్తిని దానికి తాకింపవలెను. కొలత తక్కువైన గుండు దూరము పోదు. ఎక్కువైన గొట్టమే పగులవచ్చును. కాగా మందు నింపుట ఆయుధశాలలో జరుగు పని కాక, ప్రతి బంటును తన చేతితో నేర్వవలసిన విద్యయయ్యెను.

కంపెనీ సిపాయి స్థితి వేరు. కొలిచిన మందును గుండును కలిపి కాగితమున చుట్టిన తోటాలు అతనికి అందుచుండెను. అతని తుపాకి చెకుముకిరాతితో పేలునది గనుక వత్తి రగిలించుకొని యుండవలసిన పని లేదు. వానజల్లులో వత్తి ఆరిపోవుట, చీకటిలో దాని నిప్పు శత్రువునకు కనబడుట అను రెండు చిక్కులును పాళెపు బంటునకే మిగిలినవి. ఒక వేటునకును మరియొక వేటునకును నడుమ పట్టు ఎడము కూడ వత్తి తుపాకికే ఎక్కువ. పాళెపు సేనలలో తుపాకుల ప్రక్కనే పొడవైన ఈటెలు నిలిచియుండుట ఆ ఎడమును పూరించుటకు ఎంతయో ఉపకరించినది.

మూడు ద్రవ్యములు

నల్లమందునకు సురేకారము, బొగ్గు, గంధకము అను మూడు ద్రవ్యములు మూలము. తెలుగున సురేకారమునకే పెట్లుప్పు అను పేరు కలదు. పాతగోడల అడుగున, పశువులు కట్టుచోట్ల, ఊరి పాటిదిబ్బలలో ఏర్పడు ఈ లవణమును మట్టితో సహా తెచ్చి, నీట నానబెట్టి, వడగట్టి, కాచి పేర్పవచ్చును. చవుటినేల నుండి ఉప్పు తీయుట కులవృత్తిగాగల ఉప్పరులు తెలుగుదేశముననే గాక కన్నడ, తమిళ సీమలలోను కలరు. తమిళులు వారిని ఉప్పిలియన్లందురు. వారికి తెలిసిన నానబెట్టుట, వడగట్టుట, కాచుట అను పనులే సురేకారమునకును పనికివచ్చునవి. బొగ్గునకు తేలికపాటి కట్టె మేలైనది. కందికంప బొగ్గు తుపాకిమందునకు శ్రేష్ఠమని దేశమున పలుచోట్ల ప్రసిద్ధి. కావున ఈ రెండు ద్రవ్యములును ఊరిలోనే దొరకదగినవి.

గంధకము అట్లు దొరకదు. గుండ్లకు కావలసిన సీసమును అట్టిదే. అవి వర్తకమున రేవుల ద్వారా రావలసినవి. ఆ సీమకు దగ్గరి రేవు తూత్తుకుడి. 1658లో దానిని డచ్చివారు పోర్చుగీసువారి నుండి గైకొనిరి. కావున మందుగుండు కోరు పాళెగానికి రేవువారితో మైత్రి అవసరమయ్యెను. 1783 ఆగస్టులో కర్నల్ ఫుల్లర్టన్ పాంచాలంకురిచ్చి కోటను పట్టుకొనినప్పుడు, అప్పటి కట్టబొమ్మ నాయకునికిని కొలంబోలోని డచ్చి ప్రభుత్వమునకును నడుమ జరిగిన ఒడంబడిక పత్రము లోపల దొరకెను. దానితోపాటు ఫిరంగులు, మందు, గుండ్లు కూడ చిక్కినవి. ఈతడు వీరపాండ్య కట్టబొమ్మనకు పూర్వపువాడు. ఒడంబడిక పత్రమును మందు నిల్వయు ఒకే కోటలో దొరకుట గమనింపదగినది.

నిల్వ

మందు చేయుట కంటె నిలుపుట కష్టము. ఇంటిలో కాచిన సురేకారమున సాధారణలవణము కొంత మిగిలియుండును. అది గాలిలోని తేమను పీల్చును. ఆ సీమకు ముఖ్యమైన వర్షములు ఈశాన్య ఋతుపవనముతో అక్టోబరు మొదలు డిసెంబరు వరకు కురియును. ఆ మూడు నెలలలో మూత సరిగాలేని కుండలోని మందు చెమ్మగిల్లి, గడ్డకట్టి, రగులుకొనక పొగయుటకు సిద్ధమగును. మెత్తనిపొడిగా నూరిన మందును బండ్లపై దూరము తీసికొనిపోయినచో కుదుపులకు ద్రవ్యములు విడివడి, బరువైనవి అడుగునకు దిగును. ఇట్టి మందును మరల కలుపవలెను, నీడపట్టున గాని లేతయెండలో గాని ఆరవేయవలెను. పొయ్యికిని దీపమునకును దూరముగా ఉంచవలెను; ఇనుపగరిటెతో కెలుకరాదు. పూరికప్పుల నడుమ ఒక్క రవ్వ పడిన మందుతోపాటు ఊరును పోవును.

పాళెపు కోట రాతికోట కాదు. పాంచాలంకురిచ్చిది గట్టిగా మెత్తిన మట్టిగోడ, చుట్టును ముండ్లకంచె. లోపలనే పాళెగాని నగరును, పరివారపు ఇండ్లును. కోట యనగా ఇల్లే గనుక మందుకొట్టునకును కాపురమునకును నడుమ ఎడము స్వల్పము. ఒక్కచోట నిల్వయుంచిన కోట పడిన దినముననే అంతయు శత్రువు వశమగును; 1783లో జరిగినది ఇదియే. పలుయిండ్లలో పంచిన శత్రువునకు చిక్కదు గాని, తేమకును నిప్పునకును పలుచోట్ల కాపలా కావలెను.

నిరాయుధీకరణము

1799 సెప్టెంబరు 5న మేజర్ బానర్‌మన్ పాంచాలంకురిచ్చిపై జరిపిన ముట్టడి విఫలమయ్యెను. పిదప కట్టబొమ్మన కోటను విడిచి వెళ్లెను. పట్టుబడి, అక్టోబరు 16న కయత్తారులో ఉరితీయబడెను. అనంతరము బానర్‌మన్ కోటలను పడగొట్టవలెననియు, జనులు ఆయుధముల నప్పగింపవలెననియు ఆజ్ఞాపించెను. ఆజ్ఞ పూర్తిగా నెరవేరలేదని త్వరలోనే తేలినది. 1801 ఫిబ్రవరి 2న కట్టబొమ్మన తమ్ముడు ఊమైదురై పాళయంకోట చెరనుండి తప్పించుకొనెను. కొలది దినములలోనే నేలమట్టమైన కోట మరల లేచెను. అందు సాయుధులైన బంట్లు నిండిరి. పిమ్మట వారు తూత్తుకుడిని కూడ పట్టుకొనిరి. కోటలోని నిల్వను స్వాధీనపరచుకొన్నంత మాత్రమున ఇండ్లలోని నిల్వ అంతరించలేదని ఊహించుటకు ఇది తగిన ఆధారము. ఆ ఏడు మార్చి 31నాటి ముట్టడిని కోటవారు తిప్పికొట్టిరి. కర్నల్ అగ్న్యూ అదనపు సేనతోను ఫిరంగులతోను వచ్చి, మే 24న కోటను గైకొనెను. ఊమైదురైకి నవంబరు 16న మరణదండన అమలుచేయబడెను.

1801 డిసెంబరు 1న మద్రాసు గవర్నరు ఎడ్వర్డ్ క్లైవ్ ప్రకటన వెలువడెను. దక్షిణపు పాళెగాండ్రు ఆయుధము ధరించు ఆచారము దానితో రద్దయ్యెను. కంపెనీ పక్షము వహించిన ఎట్టయపురము వంటి పాళెములకును ఇందు మినహాయింపు లేదు. 1803లో పాళెగాండ్రు శాశ్వత పైకము చెల్లించు జమీందారులైరి. సేనతో వచ్చుట, కావలి కాయుట అను విధులు పోయి, కప్పము మాత్రము మిగిలెను. కావలియే జీవనముగాగల బంట్ల కుటుంబములకు ఇది పరువునకు మాత్రమే గాక కూటికిని తగిలిన దెబ్బ.

తరువాతి శాసనములు ఇంకను లోతునకు పోయినవి. 1878 నాటి ఆయుధ చట్టము ప్రభుత్వ ప్రకటన ద్వారా సీసమును, గంధకమును, సురేకారమును సైతము సైనిక సామగ్రిగా అదుపులోనికి తెచ్చుటకు వీలు కల్పించెను. తుపాకి దాచిన చేతి నుండి దానిని నింపు ద్రవ్యము కూడ తప్పింపదగునని పాలకులు గ్రహించిరనుటకు ఇదియే సాక్ష్యము. ఇదే కాలమున కొడగు సీమలో వేరొక మార్గము నడచెను. 1861లో కొడవలకు నిరాయుధీకరణము నుండి మినహాయింపు లభించెను. 2019లో భారత ప్రభుత్వము దానిని 2029 వరకు పొడిగించినది. ఆంగ్ల పాలకులు నమ్మినచోట తుపాకి ఇంటిలో నిలిచెను. నమ్మనిచోట పెట్లుప్పు కుండ కూడ అనుమానమునకు లోనయ్యెను.

స్వతంత్ర భారతమున 1959 నాటి ఆయుధ చట్టము, 2016 నాటి నియమములు ఈ విషయమును శాసించుచున్నవి. లైసెన్సు లేక తుపాకి గాని తోటా గాని తయారుచేయరాదు. లైసెన్సుగలవాడును అందు వ్రాసిన సంఖ్యకు మించి తోటాలు కూడబెట్టరాదు. తేమకును నిప్పునకును గురియగు వస్తువు జనుల ఇండ్ల నడుమ ఉండునప్పుడు ఇట్టి హద్దు అవసరమే. పరాయి పాలకుల భయము నుండి పుట్టిన కట్టుబాటునకును, పౌరుల క్షేమము కోరి ఏర్పడిన కట్టుబాటునకును గల భేదమును చరిత్రకారుడు మరువరాదు.

పాంచాలంకురిచ్చిలో 1974లో తమిళనాడు ప్రభుత్వము స్మారకముగా కోటను నిర్మించినది. మందు అను మాటకు తెలుగునను, మరుందు అను మాటకు తమిళమునను ఔషధమనియు తుపాకిపొడియనియు రెండర్థములును నేటికిని కలవు. రంజకము, గజము, పెట్లుప్పు మొదలగు మాటలు మాత్రము వాడుక నుండి జారుచున్నవి. తూర్పు తిరునెల్వేలి తెలుగు కుటుంబముల వృద్ధుల నోట ఇట్టి పదములలో ఏవి మిగిలినవో, కావలి విధులను గూర్చి ఏ జ్ఞాపకములు నిలిచినవో వ్రాసికొనుట ఆ ప్రాంతపు తెలుగు సమాజములు త్వరలో పూనుకొనదగిన కార్యము. ఫిరంగులను, ఒడంబడికలను గూర్చి కంపెనీ కాగితములు చెప్పును. ఇంటి కుండలోని మందును గూర్చి చెప్పవలసినది ఆ ఇంటివారే.