సంతకానికి ముందు పాఠం

మా న్యూజెర్సీ తెలుగువాళ్లలో పిల్లలకు సంగీతం చెప్పించని ఇల్లు తక్కువ. సరళీ వరసల నుంచి కృతుల దాకా ఏళ్లకేళ్లు ఫీజులు కడతాం, శనాదివారాలు కార్లో తిప్పుతాం. రేపు ఆ పిల్ల సొంతంగా పాట కట్టి విడుదల చేస్తే దాని మీద హక్కెవరిదో గురువుగారు చెప్పరు, మనమూ అడగం.

2017 మార్చిలో గాయకుడు ఎస్పీ బాలుగారు అమెరికాలో కచేరీలు చేస్తుండగా, సంగీత దర్శకుడు ఇళయరాజాగారి పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఆయన తరఫు లాయరు నోటీసు పంపారు. ఇలాంటి చట్టం సంగతి తనకు తెలియదని బాలుగారు చెప్పి, మిగతా సంగీత దర్శకుల పాటలతో యాత్ర కొనసాగించారు. తప్పెవరిదని మేం చాన్నాళ్లు వాదించుకున్నాం. నాకు మాత్రం ఒకటే తోచింది: యాభై ఏళ్లు పాడిన మనిషికే ఎవరూ చెప్పలేదంటే, మన పిల్లలకెవరు చెబుతారు?

చెప్పేవాళ్లు ఇక్కడున్నారు, అదీ లాభం చూసుకోకుండా. న్యూయార్కులో 1969లో పుట్టిన వాలంటీర్ లాయర్స్ ఫర్ ది ఆర్ట్స్ కళాకారులకు తరగతులు పెడుతుంది, రాబడి తక్కువున్నవాళ్లకు ఉచితంగా లాయర్ని చూసిపెడుతుంది. కాలిఫోర్నియాలోనూ అలాంటి సంస్థే ఉంది. 2000లో మొదలైన ఫ్యూచర్ ఆఫ్ మ్యూజిక్ కొయలిషన్ సంగీతకారుడికి డబ్బొచ్చే దారులు 40కి పైగా ఉన్నాయని జాబితా వేసింది. కచేరీ, యూట్యూబు తప్ప మూడోది తెలియని నాకు కళ్లు తిరిగాయి.

మొదట తెలుసుకోవాల్సింది, ఒక పాటలో రెండు ఆస్తులుంటాయని. సాహిత్యమూ బాణీ కలిసి ఒకటి, పాడి రికార్డు చేసింది రెండోది. కచేరీ హాళ్లు ఆస్కాప్, బీఎంఐ అనే వసూలు సంస్థలకు కట్టే లైసెన్సు డబ్బు మొదటిదానికి. అది రాసినవాళ్లకూ బాణీ కట్టినవాళ్లకూ పోతుంది, పాడినవాళ్లకు కాదు. శాటిలైట్, ఇంటర్నెట్ రేడియోల్లో రికార్డు మోగితే సౌండ్‌ఎక్స్ఛేంజి అనే సంస్థ వసూలుచేసి రికార్డు సొంతదారుకు 50 శాతం, ప్రధాన కళాకారుడికి 45, పక్కవాద్యాలూ కోరస్ వాళ్లకు 5 పంచుతుంది. రికార్డు కూడా మీ పిల్లదే అయితే 95 ఆమెదే, కానీ అందుకు అక్కడ పేరు నమోదు చేసుకోవాలి. మామూలు ఎఫ్ఎంలో మోగితే మాత్రం గాయకులకు సెంటు రాదు. ఇంత గొప్ప దేశంలో ఇదేం న్యాయమో!

ఆ తర్వాత ఒప్పందం. 1976 చట్టం ప్రకారం, 1978 నుంచి రచయిత స్వయంగా రాసిచ్చిన హక్కును 35 ఏళ్లకు వెనక్కి తీసుకోవచ్చు. కనీసం రెండేళ్ల ముందు నోటీసివ్వాలి. కాగితంలో 'వర్క్ ఫర్ హైర్' (మొదటి నుంచీ హక్కు పని చేయించుకున్నవాళ్లదే) అని ఉండి అది చట్టం ముందు నిలిస్తే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

మా అన్నయ్య కొడుకు ఒక షార్ట్ ఫిల్ముకు పాట చేసి అలాంటి కాగితమే పట్టుకొచ్చాడు. "అత్తా, అందరూ ఇదే సంతకం పెడతారట."

"అందరి సంగతి తర్వాత చూద్దాం, ముందు ఎవరిచేతనైనా చదివించరా" అన్నాను.

లాయరు చదివి, ఆ సినిమాలో వాడుకునేందుకు అనుమతి మాత్రమే ఇచ్చేలా మార్పించారు. పాట వాడి దగ్గరే ఉండిపోయింది. సినిమావాళ్లేమీ అనుకోలేదు, వాళ్లకు కావలసింది అంతే.

ఇప్పుడు ఆల్బం చేస్తున్నాడు. రచయిత ఒకరే అయితే ఒక ఆల్బంలో 20 పాటల దాకా కాపీరైట్ ఆఫీసులో ఒకే దరఖాస్తుతో, 65 డాలర్లకు నమోదు చేసుకోవచ్చు. ముందే చేసుకుంటే, ఎవరైనా కొట్టేసినప్పుడు నష్టం ఎంతో లెక్క చూపకుండానే చట్టం నిర్ణయించిన పరిహారం అడగొచ్చు. అయితే వాడి గిటారిస్టుకూ తబలా అబ్బాయికీ వాటా ఎంతో ఇంకా తేలలేదు. ఆదివారం పంచాయితీ మా ఇంట్లోనే.