బీడు భూములకు మళ్ళీ ప్రాణం

జొన్నచేలో కలుపు తీయడానికి వెళ్ళిన స్త్రీ సాయంకాలం ఇంటికి తిరిగి వచ్చేసరికి ఆమె కొంగులో రాత్రి వంటకు సరిపడే కూర ఉంటుంది. తుమ్మి, గునుగు, దొగ్గలి, జొన్నచెంచలి: వీటిని ఎవరూ విత్తలేదు, ఎవరూ నీరు పెట్టలేదు. వ్యవసాయ గ్రంథాలు ఇటువంటి మొక్కలను కలుపు జాబితాలో చేర్చాయి. తెలంగాణలోని జహీరాబాద్ ప్రాంతపు పేద రైతు మహిళలు మాత్రం వీటిని కూరలుగానే ఎరుగుదురు. చేలో కలుపుమందు చల్లిననాడు ఈ కూర మాయమవుతుంది. ఆ ఇంటి విస్తరిలో ఒక పోషకాహారం తగ్గిపోతుంది. అయినా పంట దిగుబడి లెక్కలలో ఈ నష్టం ఎక్కడా నమోదు కాదు.

పొలం మనిషికి ఏమిచ్చిందో తెలుసుకోవడానికి బస్తాల లెక్క ఒక్కటే చాలదన్న మాట. భూమి నుండి తీసుకున్న సారాన్ని తిరిగి భూమికే చేర్చే పునరుజ్జీవన సేద్యాన్ని గురించి నేడు ప్రపంచమంతటా చర్చ సాగుతున్నది. ఆ సేద్యం నేలకే కాక ఊరికి కూడా ఏ విధంగా మేలు చేస్తుందో జహీరాబాద్ మహిళలు నాలుగు దశాబ్దాల అనుభవంతో చెప్పగలరు.

బీడు పడిన నేల

హైదరాబాదుకు పడమరగా సుమారు 100 కిలోమీటర్ల దూరాన, కర్ణాటక సరిహద్దును ఆనుకొని ఉన్న ప్రాంతమిది. పూర్వం మెదక్ జిల్లాలో ఉండేది. 2016 నుండి సంగారెడ్డి జిల్లాలో చేరింది. ఇక్కడ ఎర్రనేలలు ఎక్కువ, సేద్యం చాలావరకు వర్షాధారం. భూసంస్కరణల ఫలితంగా అనేక దళిత కుటుంబాలకు కొద్దిపాటి భూమి లభించినా, అది చాలావరకు రాళ్ళతో నిండిన నిస్సారమైన నేల.

1983లో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకాన్ని ప్రారంభించింది. అది లక్షలాది పేదల ఆకలి తీర్చిందనడంలో సందేహం లేదు. కాని దానికి మరొక ముఖం కూడా ఉన్నది. జొన్నరొట్టె తినే ఇండ్లలోకి చౌక బియ్యం ప్రవేశించడంతో జొన్న, కొర్ర, సజ్జలకు ఆదరణ సన్నగిల్లింది. జొన్న వేయనిచోట చొప్ప లేదు; చొప్ప లేనిచోట పశువు నిలవదు; పశువు లేనిచోట ఎరువు లేదు; ఎరువు అందని నేల బీడుగా మారుతుంది. ఒక ధాన్యం వంటింటినుండి తొలగిపోతే ఎంత పెద్ద గొలుసు తెగిపోతుందో ఈ మెట్టప్రాంతం చవిచూసింది.

ఆ 1983లోనే ఇక్కడ దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ పుట్టింది. దూరదర్శన్‌లో నిర్మాతగా పనిచేసిన పి.వి. సతీష్ దాని స్థాపకులలో ఒకరు. గ్రామగ్రామాన నిరుపేద మహిళలు, ముఖ్యంగా దళిత మహిళలు, సంఘాలుగా ఏర్పడ్డారు. రాళ్ళు ఏరి, గట్లు వేసి, పశువుల ఎరువు తోలి, బీళ్ళను మళ్ళీ చేలుగా మార్చడం వారు చేపట్టిన పనులలో ప్రధానమైనది.

ఒక చేను, అనేక పంటలు

ఈ మహిళల చేలో ఒకే పంట కనిపించదు. జొన్న, సజ్జ, కొర్రల నడుమ కంది, పెసర, అలసంద, గోగు, నువ్వులు కలిసి పెరుగుతాయి. ఒకే ఎకరంలో పది, పదిహేను పంటలు వేయడం ఇక్కడ వింత కాదు. చూసేవారికి గజిబిజిగా తోచే ఈ కూర్పులో గొప్ప పొందిక ఉన్నది. పప్పుజాతి మొక్కల వేళ్ళపై ఉండే బుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని నేలకు అందిస్తాయి. కంది వేరు లోతుకు దిగి అడుగు తేమను అందుకొంటుంది. రాలిన ఆకు నేలకు ఎరువవుతుంది. నేలబారున ప్రాకే తీగలు ఎండనుండి, వాన దెబ్బనుండి మట్టిని కాపాడుతాయి. ఒక పంటను ఆశించిన పురుగు చాలాసార్లు మరొక పంటను తాకదు గనుక తెగులు చేనంతటికీ సులభంగా వ్యాపించదు. జొన్నకంకులపై వాలే పక్షులు కొన్ని గింజలు తిన్నా, పురుగులను కూడా ఏరుకొని తింటాయి.

వానాకాలం ముగిసిన తరువాత వేసే కుసుమ, శనగ, అవిసె వంటివాటిని ఇక్కడి మహిళలు 'సత్యం పంటలు' అంటారు. వాన రాకున్నా, నీరు పెట్టకున్నా, నేలలో మిగిలిన తేమతోను, కురిసే మంచుతోను పండుతాయి గనుక వాటికి ఆ పేరు. నేలలో సేంద్రియ పదార్థం ఎంత ఉంటే తేమ అంత కాలం నిలుస్తుంది. కరవును ఎదుర్కొనే శక్తి నేల ఆరోగ్యంలోనే ఉన్నదనడానికి ఇంతకన్న నిదర్శనం అక్కరలేదు.

ఊరి గింజ ఊరికే

1990 దశకం మధ్యలో కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిత్వశాఖ సహాయంతో ఈ సంఘాలు సుమారు 30 గ్రామాలలో ఒక ప్రత్యామ్నాయ ప్రజాపంపిణీ విధానాన్ని నెలకొల్పాయి. బీళ్ళను సాగులోకి తెచ్చేందుకు రైతులకు అప్పు ఇచ్చారు. ఆ అప్పును వారు రొక్కంగా కాక, కొన్నేళ్ళపాటు జొన్నల రూపంలో తీర్చారు. ఆ ధాన్యాన్ని ఊరిలోనే నిల్వచేసి, గింజలు కరవయ్యే నెలలలో పేద కుటుంబాలకు తక్కువ ధరకు అందించారు. ఎవరు పేదలో నిర్ణయించింది పై అధికారులు కాదు, ఊరివారే. బీడు సాగైంది, కూలీకి పని దొరికింది, పశువుకు మేత దొరికింది, ఆకలి తీరింది. ఈ నాలుగూ ఒకే పెట్టుబడితో సాధ్యమైనవి.

విత్తనం విషయంలోను ఇదే పద్ధతి. బూడిద, వేపాకు కలిపి బుట్టలలో దాచిన విత్తనాన్ని అవసరమైనవారు తీసుకొని, పంట చేతికి వచ్చాక ఎక్కువ కలిపి తిరిగి ఇస్తారు. ఒకప్పుడు విత్తనానికై ఇతరుల వాకిట నిలిచిన స్త్రీ నేడు విత్తనమిచ్చే చేయి అయింది. ఆమె గౌరవం పెరగడానికి ఇది ముఖ్యకారణం. సంక్రాంతి రోజులలో అలంకరించిన ఎడ్లబండ్లపై పాతపంటల విత్తనాలతో ఊరూరా సాగే జాతర ఈ సంపదకు ప్రజలు చేసే పూజ వంటిది. 2008లో మాచనూరులో ప్రారంభమైన 'సంఘం రేడియో'ను కూడా ఈ మహిళలే నడిపారు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ బహుమతి ఈ కృషికి లభించింది.

ముందున్న బాట

ఈ మార్గం సులభమైనదని చెప్పడం నిజాయితీ అనిపించుకోదు. మిశ్రమ సేద్యానికి శ్రమ ఎక్కువ. పదిహేను పంటలను వేర్వేరుగా కోసి, నూర్చి, దాచడం ఒకే పంటను అమ్మినంత తేలిక కాదు. చెరకు, పత్తి వంటి పంటలు చూపే రొక్కపు ఆశ బలమైనది. చదువుకొన్న యువత పట్టణాలవైపు చూడడం సహజమే. 2023 మార్చిలో సతీష్ కన్నుమూశారు. ఆ సంవత్సరాన్నే ఐక్యరాజ్యసమితి అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది. ఒకప్పుడు పేదవాని తిండిగా చిన్నచూపుకు గురైన కొర్రలు నేడు నగరాల అంగళ్ళలో అధిక ధరకు అమ్ముడుపోతున్నాయి. ఆ ధరలో న్యాయమైన భాగం పండించిన చేతికి చేరినప్పుడే ఈ ఆదరణకు అర్థం ఉంటుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుండి ప్రభుత్వమే మహిళా స్వయం సహాయక సంఘాల తోడ్పాటుతో ప్రకృతి సేద్యాన్ని విస్తరింపజేస్తున్నది. ఇటువంటి పథకాలను రూపొందించేవారు జహీరాబాద్ అనుభవంనుండి గ్రహించవలసినది ఒకటున్నది. నేలకు ప్రాణం పోసేది ఎరువు ఒక్కటే కాదు. ఏమి విత్తాలో, ఏమి తినాలో, ఎంత దాచాలో నిర్ణయించే అధికారం ఆ నేలను నమ్ముకొన్నవారి చేతిలో ఉండాలి. అది ఉన్నంతకాలం కలుపు తీసి వచ్చే తల్లి కొంగులో కూరకు కొదువ ఉండదు.