అవ్వ పాట వెనుక ఆ మోత ఎక్కడిది?

ఇప్పుడు మన ఇళ్ళల్లో పాటలన్నీ బీరువాలు ఖాళీ చేసి కంప్యూటరులోకి చేరుతున్నాయి. క్యాసెట్లు, సి.డి.లు అన్నీ ఒక చిన్న డబ్బాలో ఇమిడిపోయాయి. దాన్నే మ్యూజిక్ సర్వరు అంటున్నాము. దాని పక్కన 'డాక్' అనే ఇంకో బుల్లి డబ్బా ఉంటుంది. సర్వరు పంపే అంకెలను ఆంప్లిఫయరుకు పనికివచ్చే విద్యుత్ తరంగాలుగా మార్చడం దాని పని. కోయంబత్తూరు, మధురైలలో బంధుమిత్రుల ఇళ్ళకు వెళ్ళి ఈ రెంటినీ అమర్చే పని కొన్నేళ్ళుగా నా నెత్తిన పడింది. వెళ్ళిన చోటల్లా ఒకటే మాట: "ఇంత ఖర్చుపెట్టి కొన్నాము, వెనకాల ఈ గుయ్‌మనే మోత ఏంది నాయనా?"

ఇదేదో సంగీతం పిచ్చి ముదిరినవాళ్ళ గొడవ అనుకొని పేజీ తిప్పేయకండి. మన ఇళ్ళల్లో తెలుగు మాట్లాడేవారే గాని చదవగలిగేవారు తక్కువ. నాయకరాజుల కాలం నుంచీ ఇక్కడ మన భాష నోటిమీదే బతికింది. పెళ్ళిపాటలు, లాలిపాటలు చాలావరకు ఏ పుస్తకంలోకీ ఎక్కలేదు. 1970లు, 80లలో ఎవరో ఒకరు ఓపికగా క్యాసెట్లో పట్టినవే మిగిలాయి. మా అవ్వ పాడిన పెళ్ళిపాటలు మా ఇంట్లో రెండు క్యాసెట్లున్నాయి. ఆవిడది సన్నని గొంతు, చరణం చివరి అక్షరాన్ని సగం మింగేస్తుంది. వెనకాల మోత ఉంటే ఆ మింగిన అక్షరం మరి వినబడదు. మా మనవరాలు ఆ పాట నేర్చుకునేది విని మాత్రమే, వేరే దారి లేదు.

సరే, మోత ఎక్కడిదో కనిపెట్టడానికి పైసా ఖర్చు అక్కరలేదు. పాటను మధ్యలో ఆపండి, వాల్యూమ్ మాత్రం తగ్గించకండి. పాట ఆగినా మోత ఆగకపోతే అది క్యాసెట్లోది కాదు, మీ ఇంటి వైర్లలోది. అప్పుడు సర్వరు నుంచి డాక్‌కు వెళ్ళే యు.ఎస్.బి. తీగను ఊడదీయండి. మోత ఆగితే అది ఆ తీగ వెంట వస్తున్నదన్నమాట. లాప్‌టాప్‌నే సర్వరుగా వాడేవారు చార్జరు తీసి బ్యాటరీ మీద నడిపి చూడండి. నిశ్శబ్దమైతే దొంగ చార్జరే.

యు.ఎస్.బి. తీగలో అంకెలతో పాటు 5 వోల్టుల కరెంటు తీగ, ఎర్తు తీగ కూడా ఉంటాయి. అంకెలు మామూలుగా చెక్కుచెదరకుండానే చేరతాయి. కాని కంప్యూటరులోని చప్పుడు ఆ ఎర్తు తీగ పట్టుకొని డాక్‌లోకి, అక్కడి నుంచి ఆంప్లిఫయరులోకి నడిచిపోతుంది. పైగా సర్వరు ఒక గోడ ప్లగ్గులో, ఆంప్లిఫయరు ఇంకో గోడ ప్లగ్గులో ఉంటే రెండు ఎర్తుల నడుమ ఒక చుట్టు ఏర్పడుతుంది. మన 50 హెర్ట్జ్ కరెంటు అందులో పడి తిరిగి గుయ్‌మంటుంది. అన్నింటినీ ఒకే బోర్డుకు తగిలిస్తే చాలాసార్లు ఇది పోతుంది. మధురైలో ఒక ఇంట్లో అదీ పనిచేయలేదు. చివరికి టి.వి.కి వచ్చే కేబుల్ తీగను ఊడదీయగానే మోత టక్కున ఆగింది. టి.వి.ని కూడా అదే ఆంప్లిఫయరుకు కలిపారు మరి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతున్నాను: మోత పోతుందని ప్లగ్గులో ఎర్తు పిన్ను విరగ్గొట్టేవారున్నారు. పాట బాగుపడుతుందేమో గాని ప్రాణం మీదికి వస్తుంది. ఆ పని చేయవద్దు.

కోయంబత్తూరువాళ్ళకు ఇంకో సంగతి ఉంది. 1932లో పైకారా జలవిద్యుత్తు మొదలయ్యాక మిల్లులు లేచాయి, జి.డి.నాయుడు గారి వంటివారి పుణ్యాన మోటార్లు, పంపుల తయారీ ఊరంతా పాకింది. పీళమేడు, గణపతి వైపు ఇప్పటికీ ఇంటి పక్కనే లేతు షెడ్డు ఉంటుంది. అక్కడ మోటారు అందుకోగానే ఇక్కడ లైటు ఒక్క క్షణం మసకబారుతుంది. మన పాట నడిచేది ఆ లైను మీదే. మనవాళ్ళకు అన్నం పెట్టిన మోటారును తిట్టలేము గదా! అన్నట్టు, ఇదే ఊళ్ళో పక్షిరాజా స్టూడియో శ్రీరాములునాయుడు గారు 1954లో రామారావు, భానుమతి గార్లతో 'అగ్గిరాముడు' తీశారు. ధ్వని పట్టింపు ఈ ఊరికి కొత్త కాదు.

ఇటువంటి ఇళ్ళల్లో నేను మొదట చూసేది సర్వరుకూ డాక్‌కూ ఆప్టికల్ సాకెట్లు ఉన్నాయా అని. 1983లో తోషిబా వారు తెచ్చిన పద్ధతి ఇది. తీగలో వెళ్ళేది వెలుగు, కరెంటు కాదు. కాబట్టి సర్వరు వైపు నుంచి ఎర్తు చప్పుడు దాటి రాలేదు. హెచ్చు శాంప్లింగు రేట్ల దగ్గర దానికి పరిమితులున్నాయి. అయితే సి.డి.కి కావలసింది సెకనుకు 44,100 శాంపిళ్ళే, దానికి ఇది నిశ్చింతగా చాలు. ఆ సాకెట్టు లేకపోతే సర్వరును వేరే గదిలో పెట్టి, నెట్‌వర్క్ తీగ ద్వారా డాక్ దగ్గరి చిన్న ప్లేయరుకు పాట పంపవచ్చు. ఆ తీగ కొసల్లోని బుల్లి ట్రాన్స్‌ఫార్మర్లు రెండు వైపులనూ విడదీస్తాయి. సర్వరు ఫ్యాను రొద కూడా హాల్లో ఉండదు.

అమరికల్లో చూడవలసినవి రెండు. కొన్ని సర్వర్లు 44,100 శాంపిళ్ళ పాటను మనకు చెప్పకుండానే 48,000కు మార్చి పంపుతాయి. ఆ మార్పు ఆపేసి, ఉన్నది ఉన్నట్టు పంపమనండి. రెండోది వాల్యూమ్. సర్వరులో దాన్ని నిండుగా ఉంచి ఆంప్లిఫయరు దగ్గర తగ్గించండి. 16 బిట్ల దారిలో సర్వరు దగ్గర 6 డెసిబెల్స్ తగ్గించినప్పుడల్లా సుమారు ఒక బిట్టు పోతుంది. అవ్వ మింగేసిన అక్షరాలు ఉండేది ఆ అడుగు బిట్ల దాపునే.

ఇక తీగల వ్యాపారం. వేలు పోసి యు.ఎస్.బి. తీగ కొంటే గొంతు తేటపడుతుందని చెప్పేవారున్నారు. మా ఇంట్లో పరీక్ష పెట్టాను. ఒక మిత్రుడి ఖరీదైన తీగ ఒకటి, ప్రింటరుతో ఊరికే వచ్చిన తీగ ఒకటి. ఏది తగిలించానో చెప్పకుండా పిల్లలకు పది సార్లు వినిపించాను. ఒక్కరూ పోల్చలేకపోయారు. ఆ తీగ ఇచ్చిన మిత్రుడూ పోల్చలేదు, కాఫీ మాత్రం తాగి వెళ్ళాడు. ఇప్పటి డాక్‌లు చాలావరకు తమ సొంత గడియారంతో అంకెలను అడిగి తీసుకుంటాయి గనుక కంప్యూటరు గడియారం తడబాటు కూడా పెద్ద బెంగ కాదు. ఆ డబ్బు స్పీకర్లకు పెట్టండి. లేదా బోసిగోడల హాల్లో ఒక జంపఖానా పరచండి, తేడా మీకే తెలుస్తుంది.

ఇంత చేసినా క్యాసెట్లో సొంతంగా ఉన్న 'సుయ్' శబ్దం పోదు. దాన్ని సాఫ్ట్‌వేరుతో తుడిచే పని నేను పెట్టుకోలేదు. తుడిచినచోట అవ్వ 'స'కారాలు కూడా మొద్దుబారాయి. 24 బిట్లలో ఎక్కించిన అసలు కాపీని ఫ్లాక్ ఫైలుగా రెండు డిస్కుల్లో దాచి, పాడినవారి పేరు, ఊరు, ఏ వేడుకలో పాడారో పక్కన రాసిపెట్టాను. మధురై వైపు ఎవరి ఇంట్లోనైనా పెళ్ళిపాటల క్యాసెట్లు ఉంటే సంఘం కార్యదర్శికి ఒక మాట చెప్పండి. టేప్ రికార్డరుతో సహా నేనే వచ్చి ఎక్కించి ఇస్తాను.