తపాలా దొంగతనం (అమెరికా సంయుక్త రాష్ట్రాలు)

తపాలా దొంగతనం అనగా తపాలా ద్వారా పంపబడిన ఉత్తరాలు, చెక్కులు, కార్డులు, పార్సెళ్ళను అవి చేరవలసిన వ్యక్తికి అందకముందే ఇతరులు అపహరించడం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఇది ఫెడరల్ నేరం. ఆ దేశంలో తపాలా చాలావరకు మనిషి చేతికి కాక, ఇంటి ముందున్న పెట్టెలోకి బట్వాడా అవుతుంది. ఇంటివారు వచ్చి తీసుకునేవరకు అది ఆ పెట్టెలోనే ఉంటుంది. దొంగతనాలలో ఎక్కువ భాగం జరిగేది ఈ మధ్యకాలంలోనే. కనుక ఇంటి తపాలా రక్షణకు సూచించే జాగ్రత్తలన్నీ దాదాపు రెండే ఉద్దేశ్యాలతో ఏర్పడినవి: ఉత్తరం కాపలా లేకుండా పడి ఉండే సమయాన్ని తగ్గించడం, ఆ సమయంలో పెట్టెకు గట్టి తాళం ఉండేటట్లు చూడడం.

ఇంటి ముందు పెట్టె వచ్చిన విధం

అమెరికా నగరాలలో ఇంటింటికీ ఉచిత బట్వాడా 1863 జూలై 1న మొదలయింది. అంతకుముందు ప్రజలు సాధారణంగా తపాలా కార్యాలయానికి వెళ్ళి తమ ఉత్తరాలు తెచ్చుకునేవారు. కొత్త పద్ధతిలో పోస్టుమాన్ తలుపు తట్టి, ఎవరైనా వచ్చేవరకు వేచి ఉండి, ఉత్తరాన్ని చేతికి ఇచ్చేవాడు. ఇంట్లో ఎవరూ లేకపోతే ఉత్తరం అతని సంచిలోనే ఉండిపోయేది. దొంగతనం దృష్టితో చూస్తే ఇంతకంటే భద్రమైన పద్ధతి మరొకటి లేదు. కాని ఇలా తలుపుల వద్ద నిలబడడం వలన ఒక్కొక్క పోస్టుమానుకు రోజుకు గంటన్నర వరకు వృథా అవుతున్నదని అంచనా వేశారు. అందుచేత 1923 మార్చి 1 నుండి తపాలా అందుకోవాలంటే ప్రతి ఇంటికీ ఒక పెట్టె గాని, తలుపులో ఉత్తరాలు వేసే సందు గాని ఉండి తీరాలని తపాలా శాఖ నియమం విధించింది. పోస్టుమాన్ సమయం ఆదా అయింది. ఉత్తరాన్ని కాపాడే భారం ఇంటివారి మీద పడింది.

గ్రామాలలో ఈ మార్పు మరొక విధంగా వచ్చింది. 1896లో పశ్చిమ వర్జీనియా రాష్ట్రంలో గ్రామీణ ఉచిత బట్వాడా మొదలైనప్పుడు రైతులు పాత కొవ్వు డబ్బాలు, పాకం డబ్బాలు, సబ్బుల పెట్టెలు కొయ్యలకు తగిలించి ఉత్తరాల పెట్టెలుగా వాడేవారు. 1915లో తపాలా శాఖ ఇంజనీరు రాయ్ జోరోల్మన్ సొరంగం ఆకారంలో ఉండే పెట్టెను రూపొందించాడు. పక్కన ఎర్ర జెండా ఉండే ఈ పెట్టెను హాలీవుడ్ చిత్రాలు చూసేవారు సులభంగా గుర్తుపట్టగలరు. ఇంటివారు పంపవలసిన ఉత్తరాన్ని పెట్టెలో ఉంచి జెండాను పైకి లేపితే, పోస్టుమాన్ ఆగి దానిని తీసుకువెళతాడు. దీనికి తాళం లేదు. జెండా పైకి ఉన్నదంటే లోపల ఉత్తరం ఉన్నదని పోస్టుమానుకు ఎలా తెలుస్తుందో, దారిన పోయే దొంగకూ అలాగే తెలుస్తుంది.

ఈ పెట్టె విషయంలో ఒక విశేషం ఉంది. పెట్టెను కొనేది, పాతించేది ఇంటి యజమాని. కాని 1934 నాటి చట్టం ప్రకారం తపాలా బిళ్ళ లేని కాగితాన్ని, అది పొరుగింటివారి కరపత్రమైనా సరే, అందులో వేయరాదు. పెట్టె ఎత్తును కూడా తపాలా సంస్థే నిర్ణయిస్తుంది. రోడ్డు మట్టం నుండి 41-45 అంగుళాల ఎత్తులో, రోడ్డు అంచుకు 6-8 అంగుళాలు వెనుకగా దానిని అమర్చాలి. ఇన్ని నిబంధనల మధ్య తాళం మాత్రం యజమాని ఇష్టానికే వదలివేయబడింది.

దొంగతనం జరిగే పద్ధతులు

అన్నిటికంటే తేలికైనది తాళం లేని పెట్టెను తెరచి చేతికందినది తీసుకుపోవడం. పగలు ఇంట్లో ఎవరూ లేని వేళ, లేదా నిన్నటి ఉత్తరాలు పెట్టెలోనే మిగిలిపోయిన రాత్రివేళ ఇవి జరుగుతాయి. దొంగలు తరచుగా ఒక్క ఇంటితో సరిపెట్టక వీధి మొత్తం వరుసగా పెట్టెలు తెరుచుకుంటూ పోతారు.

రెండవది వీధులలోని నీలిరంగు తపాలా పెట్టెల నుండి తీయడం. దీనికి 'చేపలు పట్టడం' అని పేరు. తాడు చివర జిగురు పూసిన వస్తువును పెట్టె నోటిలోనుండి జారవిడిచి, అంటుకున్న కవర్లను పైకి లాగుతారు. దీనిని అరికట్టడానికి న్యూయార్క్ వంటి నగరాలలో పెద్ద నోరున్న పాత పెట్టెలను మార్చి సన్నని సందు మాత్రమే ఉన్నవాటిని అమర్చారు.

మూడవది, అన్నిటికంటే ప్రమాదకరమైనది, తాళంచెవి దొంగతనం. వీధి పెట్టెలను, అపార్టుమెంట్ల పెట్టెల వరుసలను, కాలనీలలోని ఉమ్మడి పెట్టెలను తెరవడానికి పోస్టుమాన్ల వద్ద 'యారో కీ' అనే తాళంచెవి ఉంటుంది. ఒక ప్రాంతంలోని పెట్టెలన్నిటికీ ఒకే తాళంచెవి సరిపోతుంది. పోస్టుమాన్ వందల తాళంచెవులు మోయనవసరం లేకుండా చేసిన ఏర్పాటు ఇది. ఈ కారణంగానే అది ఒక్కటి దొంగ చేతికి చిక్కితే వందల కుటుంబాల తపాలా అతనిదవుతుంది. ఇటువంటి తాళంచెవులు మొత్తం ఎన్ని వాడుకలో ఉన్నాయో తపాలా సంస్థ వద్ద సరైన లెక్క లేదని ఆ సంస్థ ఇన్‌స్పెక్టర్ జనరల్ కార్యాలయం 2020లో ఇచ్చిన నివేదిక తెలిపింది. తాళంచెవి కోసం పోస్టుమాన్లను తుపాకులతో బెదిరించడం కూడా పెరిగింది. 2022 ఆర్థిక సంవత్సరంలో పోస్టుమాన్లపై 412 దోపిడీలు జరుగగా, ఆ తరువాతి సంవత్సరం మొదటి ఆరు నెలలలోనే 305 నమోదయ్యాయి. 2023 మే నెలలో తపాలా సంస్థ 12,000 దృఢమైన వీధి పెట్టెలను, పాత తాళాల స్థానంలో 49,000 ఎలక్ట్రానిక్ తాళాలను అమర్చే కార్యక్రమాన్ని ప్రకటించింది. ఎలక్ట్రానిక్ తాళం తెరవాలంటే తాళంచెవి ఒక్కటే చాలదు కనుక దోచుకున్న తాళంచెవికి విలువ తగ్గుతుంది.

చెక్కులు కడగడం

దొంగలు ఉత్తరాలలో ముఖ్యంగా వెతికేది చెక్కుల కోసం. ఇంటి అద్దె, కరెంటు బిల్లు, పన్నులు, విరాళాలు మొదలైనవి చెక్కు రాసి తపాలాలో పంపే అలవాటు అమెరికాలో ఇంకా పూర్తిగా పోలేదు. దొంగిలించిన చెక్కుపై సంతకాన్ని చెడిపోకుండా కప్పి ఉంచి, మిగిలిన రాతను ఎసిటోన్ వంటి ద్రావకంతో తుడిచివేస్తారు. గోళ్ళరంగు తుడిచే ద్రవంలో ఉండేది ఇదే. సాధారణ బాల్‌పెన్ సిరాలోని రంగు ద్రావకంలో కరిగిపోతుంది. కాగితం ఆరిన తరువాత కొత్త పేరు, కొత్త మొత్తం రాస్తారు. 50 డాలర్ల చెక్కు వేల డాలర్ల చెక్కుగా మారుతుంది. సంతకం మాత్రం ఖాతాదారు స్వయంగా చేసినదే. జెల్ పెన్నులలో వాడే సిరాలో రంగు కరగని సూక్ష్మ రేణువులుగా ఉండి కాగితపు పోగులలోకి చొచ్చుకుపోతుంది. అందువలన చెక్కులు నల్లని జెల్ పెన్నుతో రాయమని సలహా ఇస్తారు. ఇది కడగడాన్ని కష్టతరం చేస్తుందే తప్ప, చెక్కును నమూనాగా పెట్టుకొని నకిలీ చెక్కులు అచ్చువేయడాన్ని ఆపలేదు.

అమెరికా ఆర్థికశాఖలో భాగమైన ఆర్థిక నేరాల నిఘా విభాగానికి బ్యాంకులు చెక్కుల మోసాలపై 2021లో 3,50,000కు పైగా, 2022లో 6,80,000కు పైగా నివేదికలు పంపాయి. 2023 ఫిబ్రవరి చివరి నుండి ఆగస్టు వరకు గడిచిన ఆరు నెలలలో బ్యాంకులు తపాలా దొంగతనంతో ముడిపడినవిగా తెలిపిన చెక్కుల మోసాల విలువ 68.8 కోట్ల డాలర్లు. 2025 మార్చిలో జారీ అయిన అధ్యక్షుని ఉత్తర్వు, ఆ ఏడాది సెప్టెంబరు 30 నాటికి ప్రభుత్వ చెల్లింపులలో కాగితపు చెక్కులను చాలావరకు నిలిపివేయాలని ఆదేశించడానికి ఈ నష్టాలు కూడా ఒక కారణం.

ఈ మోసంలో బాధితునికి విషయం ఆలస్యంగా తెలుస్తుంది. బ్యాంకు ఖాతాలో చెక్కు చెల్లింపు అయినట్లే కనిపిస్తుంది. అద్దె అందలేదని ఇంటి యజమాని అడిగినప్పుడో, బిల్లుకు రెండవ నోటీసు వచ్చినప్పుడో అసలు సంగతి బయటపడుతుంది. కనుక చెల్లింపు అయిన చెక్కు బొమ్మను బ్యాంకు వెబ్‌సైటులో తెరచి పేరు, మొత్తం సరిచూసుకోవడం అవసరం. మొత్తం మారకుండా పేరు మాత్రమే మారిన చెక్కు ఖాతా పట్టీలోని అంకెలలో పట్టుబడదు.

చట్టం

అమెరికా చట్ట నియమావళి 18వ భాగంలోని 1708వ విభాగం ప్రకారం తపాలాను దొంగిలించినవారికే గాక, దొంగిలించినదని తెలిసి దగ్గర ఉంచుకున్నవారికి కూడా 5 సంవత్సరాల వరకు జైలుశిక్ష విధించవచ్చు. తపాలా తాళంచెవిని దొంగిలిస్తే లేదా దానికి నకలు చేస్తే 10 సంవత్సరాలు, పెట్టెను పగులగొడితే 3 సంవత్సరాల వరకు శిక్ష పడుతుంది. ఆయుధంతో ప్రాణభయం కలిగించి తపాలాను దోచుకుంటే 25 సంవత్సరాల వరకు శిక్ష ఉంది. నేరాలను పరిశోధించేది తపాలా తనిఖీ సేవ. దీని మూలాలు బెంజమిన్ ఫ్రాంక్లిన్ పోస్టుమాస్టరుగా ఉన్న కాలం వరకు వెళతాయి. ప్రైవేటు కొరియరు సంస్థలు గుమ్మం ముందు వదలివెళ్ళిన పార్సెళ్ళు 1708వ విభాగం కిందకు రావు. వాటి దొంగతనంపై స్థానిక పోలీసులకు ఫిర్యాదు చేయవలసి ఉంటుంది.

ఇంటివారు తీసుకోవలసిన జాగ్రత్తలు

పంపే ఉత్తరాలను ఇంటి పెట్టెలో ఉంచి జెండా ఎత్తడం మానివేయడం అన్నిటికంటే ముఖ్యమైనది. చెక్కు ఉన్న కవరును తపాలా కార్యాలయం లోపల ఇవ్వడం ఉత్తమం. వీధి పెట్టెలోనే వేయవలసివస్తే దానిపై రాసి ఉన్న ఆఖరి సేకరణ సమయానికి ముందే వేయాలి. సాయంత్రం వేసినది రాత్రంతా అక్కడే ఉంటుంది, శనివారం సాయంత్రం వేసినది సోమవారం వరకు ఉండవచ్చు.

వచ్చే ఉత్తరాలకు తాళం ఉన్న పెట్టె ఉపయోగపడుతుంది. పోస్టుమాన్ విడి ఇళ్ళ తాళంచెవులు ఉంచుకోడు కనుక ఉత్తరాలు వేయడానికి కనీసం 1.75 అంగుళాల ఎత్తు, 10 అంగుళాల వెడల్పు గల సందు దానికి ఉండాలి. రేకు పలుచగా ఉండి, చేయి దూరేటంత పెద్ద సందు ఉన్న పెట్టెకు తాళం ఉన్నా ప్రయోజనం తక్కువ. ఊరికి వెళ్ళేవారు 3 నుండి 30 రోజుల వరకు బట్వాడాను తపాలా కార్యాలయంలోనే నిలిపి ఉంచమని ముందుగా కోరవచ్చు. నిండిపోయిన పెట్టె ఇంట్లో ఎవరూ లేరని చాటుతుంది కాబట్టి ఇది ఇంటికి కూడా రక్షణ.

2017లో దేశమంతటా ప్రవేశపెట్టిన 'ఇన్‌ఫార్మ్‌డ్ డెలివరీ' అనే ఉచిత సేవలో, ఆ రోజు రావలసిన ఉత్తరాల కవర్ల బొమ్మలు ఉదయమే ఈమెయిలులో వస్తాయి. బొమ్మలో కనిపించిన కవరు పెట్టెలో లేకపోతే అదే రోజు అనుమానించవచ్చు. అయితే ఇతరుల పేరుతో ఈ సేవలో చేరి, వారికి క్రెడిట్ కార్డు ఏ రోజు వస్తుందో తెలుసుకొని కాజేసిన నేరగాళ్ళ ఉదంతాలు 2018లో వెలుగులోకి వచ్చాయి. తన పేరుతో ఇంకెవరో చేరకముందే తాను చేరడం దీనికి విరుగుడు. చిరునామా మార్పు దరఖాస్తు కూడా ఇలాగే దుర్వినియోగమవుతుంది. మార్పు కోరినట్లు తపాలా సంస్థ పాత చిరునామాకు ఒక నిర్ధారణ లేఖ పంపుతుంది. ఇల్లు మారనివారికి అటువంటి లేఖ వస్తే దానిని ప్రకటన కాగితమనుకొని పారవేయరాదు.

దొంగతనం జరిగినట్లు తెలిస్తే మొదట బ్యాంకుకు, తరువాత తపాలా తనిఖీ సేవకు, స్థానిక పోలీసులకు తెలియజేయాలి. పోయిన వాటిలో సోషల్ సెక్యూరిటీ సంఖ్య ఉన్న కాగితాలుంటే ఈక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, ట్రాన్స్‌యూనియన్ సంస్థల వద్ద తమ రుణ నివేదికను స్తంభింపజేయవచ్చు. 2018 సెప్టెంబరు నుండి దీనికి రుసుము లేదు.

వలస వచ్చినవారు, తెలుగువారు

అమెరికాలో ఉన్న తెలుగువారిలో చాలామంది ఉద్యోగ లేదా విద్యార్థి వీసాలపై వెళ్ళినవారు. పని అనుమతి కార్డు, గ్రీన్ కార్డు, వీసా పొడిగింపు పత్రం వంటివి వీరికి తపాలాలోనే వస్తాయి. కార్డు పోతే మళ్ళీ దరఖాస్తు చేసుకొని నెలల తరబడి వేచి ఉండవలసి రావచ్చు, అంతవరకు ఉద్యోగానికి, ప్రయాణానికి ఆటంకం కలుగవచ్చు. తరచుగా అద్దె ఇళ్ళు మారడం వలన ముప్పు మరింత పెరుగుతుంది. చిరునామా మారిన 10 రోజులలోగా వలస సేవల శాఖకు తెలియజేయాలన్న నియమాన్ని చాలామంది కేవలం చట్టపరమైన లాంఛనంగా భావిస్తారు. తపాలా కార్యాలయంలో చిరునామా మార్చుకున్నంత మాత్రాన వలస సేవల శాఖ రికార్డులలో మారదు. అపార్టుమెంటు పెట్టెపై తన పేరు లేకుండా స్నేహితుల ఇంట్లో ఉంటున్న విద్యార్థికి వచ్చిన కార్డు, దొంగతనం జరగకుండానే తిరిగి వెళ్ళిపోయే అవకాశం కూడా ఉంది.

భారతదేశంతో పోలిక

భారతదేశంలో విలువైన తపాలా గ్రహీత సంతకం తీసుకొని చేతికి ఇవ్వబడుతుంది. కనుక ఇంటి పెట్టె నుండి దొంగతనం అంత పెద్ద సమస్య కాలేదు. 1898 నాటి భారత తపాలా కార్యాలయాల చట్టం దొంగతనానికి పాల్పడిన తపాలా ఉద్యోగికి 7 సంవత్సరాల వరకు శిక్షను ప్రత్యేకంగా నిర్దేశించింది. దాని స్థానంలో 2024 జూన్ 18న అమలులోకి వచ్చిన 2023 నాటి తపాలా చట్టంలో ఇటువంటి శిక్షలు లేవు. ప్రస్తుతం తపాలా దొంగతనానికి భారతీయ న్యాయ సంహితలోని సాధారణ నిబంధనలే వర్తిస్తాయి. 2025 సెప్టెంబరు 1న రిజిస్టరు పోస్టు స్పీడ్ పోస్టులో విలీనం చేయబడింది. స్పీడ్ పోస్టులో అదనపు రుసుము చెల్లించి, గ్రహీత మొబైలుకు వచ్చే ఓటీపీ చెబితేనే బట్వాడా చేసే సదుపాయాన్ని ఎంచుకోవచ్చు.