సెయింట్ ఆండ్రూస్‌లో మదరాసు

సెయింట్ ఆండ్రూస్ అనగానే చాలామందికి గోల్ఫు ఆట జ్ఞాపకం వస్తుంది. మాకు ఆ ఆటతో బొత్తిగా పరిచయం లేదు. ఎడింబరోలో చదువుతున్న మా అమ్మాయి అమృతను చూడబోయి, ఒక ఆదివారం అందరమూ ఆ ఊరికి బయలుదేరాము. నేనూ, మా ఆవిడా, డెబ్బైయేళ్ళు దాటిన మా అమ్మా. అక్కడికి రైలు లేదు. 1969లో తీసివేశారట. లూకర్స్‌లో దిగి బస్సెక్కాలి.

విశ్వవిద్యాలయం 1413 నాటిది. మన శ్రీనాథుడు కొండవీటిలో ఉన్న రోజులన్నమాట! సాల్వేటర్ ప్రార్థనాలయం ముందు నేలమీద రాళ్ళతో పొదిగిన రెండక్షరాలున్నాయి. పాట్రిక్ హామిల్టన్ అనే యువకుణ్ణి మతభేదం కారణంగా 1528లో సజీవదహనం చేసిన చోటది. ఆ అక్షరాలు తొక్కిన విద్యార్థి పరీక్ష తప్పుతాడని నమ్మకం. మా అమ్మాయి నవ్వుతూనే చెప్పింది గాని, తాను మాత్రం చుట్టు తిరిగి నడిచింది. "కాలిపోయినవాడి మీద కాలు పెడతారుటే, పాపం!" అన్నది మా అమ్మ.

సౌత్ స్ట్రీట్‌లో ఒక పాత భవనం ముందు నేను ఆగిపోయాను. దాని పేరు మదరాసు కాలేజీ! ఈ ఊరి మంగలి కొడుకు ఆండ్రూ బెల్, 1753లో పుట్టినవాడు, మదరాసు చేరి 1789లో ఎగ్మూరులోని సైనికుల అనాథబాలుర శరణాలయానికి పెద్ద అయ్యాడు. ఒక ఉదయం గుర్రంమీద పోతూ వీధిబడిలో పిల్లలు ఇసుకలో వేలితో అక్షరాలు దిద్దుకోవడం చూశాడు. తన బడిలోనూ అదే పెట్టమంటే ఉపాధ్యాయులు ఒప్పుకోలేదు. అప్పుడు ఒక కుర్రవాడికి నేర్పి, వాడిచేత చిన్నవాళ్ళకు చెప్పించాడు. అదే "మదరాసు పద్ధతి" అనే పేరుతో ఇంగ్లండులోని బడులకు పాకింది. ఆయన ఇచ్చిన సొమ్ముతో 1833లో వెలసిన పాఠశాల ఇది. 2021లో బడి కొత్త భవనానికి తరలిపోయింది గాని, పేరు పోలేదు.

ఇదంతా చెబుతుంటే మా అమ్మ కిమ్మనలేదు. ఆవిడ చదువు వీధిబడితో సరి. ఎవరైనా అడిగితే, "నాదీ ఒక చదువేనా, ఇసుకలో దిద్దుకున్నాను" అని తప్పించుకునేది.

సాయంత్రం వెస్ట్ శాండ్స్ సముద్రతీరానికి వెళ్ళాము. చలిగాలి కోస్తున్నది. అమ్మ ఉన్నట్టుండి ఇసుకలో చతికిలబడి, "అమ్మడూ, నీ పేరు రాయవే" అన్నది.

"అమ్రుత" అని రాసింది పిల్ల. మకారానికి క్రావడీ, కొమ్మూ! ఇరవయ్యేళ్ళుగా పరాయి పిల్లలకు తెలుగు చెబుతున్న నేను సముద్రంకేసి చూస్తూ నిలబడ్డాను.

అమ్మ నవ్వలేదు. మనుమరాలి వేలు పట్టుకుని, వట్రసుడి మెలి తిప్పించింది. "ఊఁ, మళ్ళీ దిద్దు."

మా ఆవిడ బస్సు వేళయిందని రెండుసార్లు చెప్పింది. ఇద్దరిలో ఒక్కరూ తల ఎత్తలేదు. ఆ బస్సు వెళ్ళిపోయింది.